పట్టాల మీద చచ్చినవాడిదేనా తప్పు?

(రైల్వే గేట్ల దగ్గర భద్రత ఎవరి బాధ్యత అన్న అంశం మీద ఎలమంచిలి సమావేశంలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉద్యమకారులం. పత్రిక నడుపుకుంటున్నవాళ్లం. రైల్వే గేట్ల మీద మాట్లాడటానికి వెళ్తున్నామంటే కొందరు మిత్రులు నవ్వారు. ‘మీకు రైళ్లను ఆపడం తెలుసు గానీ గేట్ల సంగతి ఏం తెలుసు?’ అన్నారు. అన్నమాట నిజమే. రైల్ రోకోలు చేశాం, పట్టాల మీద కూర్చున్నాం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాం. రైలుకు అడ్డంగా కూర్చుంటే రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. ఎవరు కూర్చున్నారో తేల్చడానికి ఏ కమిటీ అక్కర్లేదు. గంటలో పేరు, తండ్రి పేరు, ఊరు పేరు కాగితం మీదకు ఎక్కుతాయి. ఫొటోలు కూడా తీసి పెట్టుకుంటారు. అదే రైలు గేటు దగ్గర బడి బస్సును గుద్దితే మాత్రం బాధ్యుడి పేరు కోసం ఏళ్లు పడుతుంది. ఆ పేరు దొరికేది కూడా సాధారణంగా శవాల మధ్యనే. చచ్చిపోయిన డ్రైవరు పేరు అది. ఆయన లేచి వచ్చి జవాబు చెప్పలేడు కదా!

రైలు ఆగితే బాధ్యుడు క్షణాల్లో దొరుకుతాడు, మనిషి ప్రాణం ఆగితే ఎందుకు దొరకడు? ఈ రోజు మేము అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే.

2014 జూలై 24ను గుర్తు తెచ్చుకోండి. తెలంగాణ రాష్ట్రం వచ్చి రెండు నెలలు కూడా నిండలేదు. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగ్. తూప్రాన్‌లోని బడికి పిల్లల్ని తీసుకుపోతున్న బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు గుద్దింది. పదహారు మందికి తగ్గకుండా పిల్లలు పోయారు. డ్రైవరూ పోయాడు. పుస్తకాల సంచులు, టిఫిన్ డబ్బాలు పట్టాల పక్కన పడి ఉన్న ఫొటోలు తెలుగువాళ్లు ఎవరూ మరిచిపోలేరు. మధ్యాహ్నం కాకముందే రెండు మాటలు ప్రచారంలోకి వచ్చాయి. డ్రైవరు సెల్‌ఫోన్ మాట్లాడుతున్నాడట. రోజూ వచ్చే డ్రైవరు కాదట. అంతే, సగం దేశానికి ఆ జవాబు సరిపోయింది.

ఫోన్ మాట్లాడి ఉంటే తప్పే. మేము కాదనడం లేదు. కానీ అక్కడ ఒక గేటు, గేటు వేసే ఒక మనిషి ఉండి ఉంటే ఆ డ్రైవరు గేటుకు గుద్దుకునేవాడు, రైలుకు కాదు. బస్సు ముందు అద్దం పగిలేది. పిల్లలు భయపడి ఏడ్చేవాళ్లు, సాయంత్రానికి ఇంటికి వచ్చేవాళ్లు. మనిషి తప్పు చేస్తాడని తెలిసే గేటు పెడతారు. మనుషులెవరూ తప్పు చేయరనుకుంటే గేట్లే అక్కర్లేదు గదా! నాలుగేళ్ల తర్వాత 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో మళ్లీ అదే. కాపలా లేని గేటు, బడి వ్యాను, ప్యాసింజరు రైలు, 13 మంది పిల్లలు. అక్కడా డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్లే వార్త అయ్యాయి.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ డ్రైవరుకు చాలా స్పష్టంగా పని చెప్పింది. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో, క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకుని, బండిని ముందుండి దాటించాలి. తోడు ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. మంచి నిబంధన. బడి బస్సులు నడిపేవాళ్లు దీన్ని గోడకు అంటించుకోవాలి. ఇక రైల్వే చట్టం 161వ సెక్షన్ ప్రకారం కాపలా లేని గేటును నిర్లక్ష్యంగా దాటితే ఏడాది దాకా జైలు. 160వ సెక్షన్ ప్రకారం మూసిన గేటును అనుమతి లేకుండా తెరిస్తే మూడేళ్లు, విరగ్గొడితే అయిదేళ్లు. 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదకు అక్రమంగా వస్తే ఆరు నెలలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా.

డ్రైవరుకు, నడిచేవాడికి, గేటు ఎత్తినవాడికి ఇన్ని సెక్షన్లున్నాయి. మరి గేటు పెట్టనివాడికి ఏ సెక్షన్? ఆ సంగతి వెతికితే రైల్వే చట్టం 18వ సెక్షన్ దొరుకుతుంది. లెవెల్ క్రాసింగుల దగ్గర గేట్లు, గొలుసులు పెట్టమని, వాటిని తీసి వేయడానికి మనుషుల్ని నియమించమని కేంద్ర ప్రభుత్వం రైల్వేను కోరవచ్చు. కోరి తీరాలి అని కాదు, కోరవచ్చు! ఈ ‘వచ్చు’ ఎక్కడిదంటే తెల్లవాళ్లు రాసిపెట్టిపోయిన 1890 నాటి రైల్వే చట్టంలోది. అదే తెల్లవాళ్లు తమ దేశంలో 1845లో చేసిన చట్టంలో బండ్లు తిరిగే బాటను రైలు దాటే చోట కంపెనీ గట్టి గేట్లు పెట్టి తీరాలని, వాటికి మనుషుల్ని ఉంచి తీరాలని రాసుకున్నారు. వాళ్ల ఊరి గుర్రపు బండికి ‘తీరాలి’. మన ఊరి ఎడ్లబండికి ‘వచ్చు’. 1893కీ 1896కీ మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా వేసిన మన తూర్పు తీరం లైను ఈ ‘వచ్చు’ నీడలోనే నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1989లో కొత్త చట్టం రాసుకున్నాక కూడా ఆ మాట మారలేదు.

ఆ మాటను నిలదీసింది సుప్రీంకోర్టు. 1979లో కేరళలో కాపలా లేని ఒక గేటు దగ్గర రైలు బస్సును గుద్దింది. నలభై మంది ప్రయాణికులు చచ్చిపోయారు. తప్పంతా డ్రైవరుదే, గేటు పెట్టమని మమ్మల్ని ఎవరూ కోరలేదు అని రైల్వే వాదించింది. 1997లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసినది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం.జగన్నాధరావు. ప్రమాదకరమైన యంత్రాన్ని నడిపేవాడికి దారిన పోయేవాళ్ల పట్ల జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉంటుందని, చట్టంలో ‘వచ్చు’ అని ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత పోదని ఆ తీర్పు సారాంశం. అంటే డ్రైవరు తప్పు ఉన్నా రైల్వే చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఈ తీర్పు వచ్చి పాతికేళ్లు దాటింది. మన ఊళ్లలో ఎంతమంది వకీళ్లు దీన్ని చదివారో, ఎన్ని కుటుంబాలకు చెప్పారో మాకు అనుమానమే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఏ గేటుకు మనిషి కావాలి, ఏ గేటుకు సిగ్నలుతో ముడి వేయాలి, ఎక్కడ వంతెన కట్టాలి అన్నది రైల్వే ఒక లెక్కతో తేలుస్తుంది. దాని పేరు ట్రైన్ వెహికల్ యూనిట్. పొట్టిగా టీవీయూ. రోజుకు ఎన్ని రైళ్లు, ఎన్ని బండ్లు అన్నవి గుణిస్తే వచ్చే అంకె అది. లారీకి, బస్సుకు, ట్రాక్టరుకు ఒక యూనిట్. ఎడ్లబండికి కూడా ఒకటే. ఆటోకు అర. మోటారు సైకిలుకు పావు. నడిచేవాడికి? సున్నా. అవును, సున్నాయే. ఎద్దులకు ఉన్న లెక్క మనిషికి లేదు.

మన కశింకోట నుంచి తుని దాకా లైను వెంబడి ఏ ఊరినైనా తీసుకోండి. పట్టాలకు ఒక పక్క ఊరు, ఇంకో పక్క పొలం. అలాంటి ఒక గేటు ఉందనుకుందాం. రోజుకు 60 రైళ్లు పోతాయనుకుందాం. చెరకు, ఇటుక, ఇసుక తోలే ట్రాక్టర్లు 20. అంటే 20 యూనిట్లు. కూలి పనికి ఆడవాళ్లను తీసుకుపోయే ఆటోలు 40. అంటే 20 యూనిట్లు. మోటారు సైకిళ్లు 80. మళ్లీ 20 యూనిట్లు. మొత్తం 60. దాన్ని 60 రైళ్లతో గుణిస్తే 3,600. ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టండి. ఒక్కో ఆటోలో పది మంది ఉంటే నాలుగొందల మంది. ఆ పది మందికీ కలిపి రైల్వే ఇచ్చింది అర యూనిట్. బడికి నడిచే పిల్లలు, కలుపుకు పోయే ఆడవాళ్లు, గేదెల్ని తోలుకుపోయే ముసలివాళ్లు మూడొందల మంది. వాళ్లు అసలు కాగితం మీదే లేరు. ఎనిమిది వందల మంది రోజూ దాటే చోటు రైల్వే పుస్తకంలో ‘రద్దీ లేని గేటు’ అవుతుంది. రాష్ట్రంతో ఖర్చు పంచుకుని వంతెన కట్టడానికి పాత లెక్క లక్ష యూనిట్లు. మన 3,600 లక్ష కావాలంటే ఊళ్లో ఎంతమంది కార్లు కొనాలో మీరే చూసుకోండి!

కార్లున్నవాడి గేటుకు వంతెన, కాళ్లున్నవాడి గేటుకు సున్నా. దీన్ని సాంకేతిక విషయం అంటారు ఇంజనీర్లు. మేము రాజకీయం అంటాం.

డబ్బు లేదంటారా? ఆ మాటా చూద్దాం. 2012 ఫిబ్రవరిలో అనిల్ కకోద్కర్ కమిటీ రైల్వే భద్రత మీద నివేదిక ఇచ్చింది. పట్టాల మీద ఏటా పదిహేను వేల మంది దాకా చచ్చిపోవడాన్ని ఆ కమిటీ ఊచకోత అన్నది. ఆ మాట ఉద్యమకారులది కాదు, అణు శాస్త్రవేత్త నాయకత్వంలోని ప్రభుత్వ కమిటీది. కాపలా ఉన్నవీ లేనివీ మొత్తం లెవెల్ క్రాసింగులన్నిటినీ అయిదేళ్లలో తీసేయండి, 50 వేల కోట్లు అవుతుంది, గేట్ల నిర్వహణ ఖర్చు మిగిలి ఏడెనిమిదేళ్లలో ఆ డబ్బు తిరిగి వస్తుంది అని చెప్పింది. అయిదేళ్లు కాదు, ఏడేళ్లు పట్టింది, అదీ సగం పనికే. బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి 31కి తీసేశామన్నారు. మంచిదే, మేము మెచ్చుకుంటాం. మాసాయిపేట పిల్లలు పోయిన నాలుగున్నరేళ్లకు. కాపలా ఉన్న గేట్లు మాత్రం 2024 నాటికి కూడా పదిహేడు వేల దాకా ఉన్నాయి.

మరో సంగతి. పెట్రోలు మీద, డీజిలు మీద కేంద్రం రోడ్డు సెస్సు వసూలు చేస్తుంది. 2000 సంవత్సరంలో చేసిన కేంద్ర రోడ్డు నిధి చట్టం ప్రకారం అందులో ఒక వాటా రైల్వే వంతెనలకు, గేట్ల భద్రతకు పోవాలి. కాబట్టి మీ ఆటోలో లీటరు పోయించిన ప్రతిసారీ మీరు గేటు డబ్బు కట్టేశారు. 2017లో లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ అని భద్రతా నిధి పెట్టారు. ఆ నిధి నుంచి పింగాణీ సామాను, ఫర్నిచరు, చివరికి కాళ్లు పిసికే యంత్రాలు కొన్నారని 2022లో కాగ్ నివేదిక బయటపెట్టింది. మన కాళ్లకు యూనిట్ లేదు, వాళ్ల కాళ్లకు యంత్రం ఉంది.

2019లో కాపలా లేని గేట్లు పోయాయన్నాం. వాటి చోట ఏం వచ్చింది? కొన్ని చోట్ల గేటు పెట్టి మనిషిని ఉంచారు. చాలా చోట్ల పట్టాల కింద తక్కువ ఎత్తు సబ్‌వే తవ్వారు. కొన్ని దారులు మూసేసి పక్క గేటు నుంచి పొమ్మన్నారు. సబ్‌వేలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జి నీళ్లలో వాహనం మునిగి కర్ణాటక నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతురు చచ్చిపోయింది. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర రైల్వే వంతెన కింద బడి బస్సు నీళ్లలో చిక్కుకుంటే ఊరివాళ్లు పరుగెత్తి ముప్పై మంది దాకా పిల్లల్ని బయటికి లాగారు. పట్టాల మీద చావొద్దని కిందికి దింపితే అక్కడ నీళ్లు. ఆ నీళ్లు తోడే మోటారు ఎవరిది? రైల్వేదా, పంచాయతీదా, రోడ్లు భవనాల శాఖదా? ఒక్కో శాఖ ఇంకో శాఖ పేరు చెబుతుంది. నీళ్లు మాత్రం ఎవరి ఫైలూ చూడకుండా నిండుతాయి.

ఇక దారి మూసేసిన ఊరి సంగతి. కిలోమీటరు చుట్టూ తిరిగి పొమ్మంటే గడ్డి మోపు నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి తిరిగి పోతుందా? పట్టాలు దాటుతుంది. నిన్నటి దాకా ఆమె గేటు దాటే మనిషి. ఈ రోజు నుంచి అక్రమంగా చొరబడిన మనిషి. రైలు తగిలితే నిన్నయితే లెవెల్ క్రాసింగ్ ప్రమాదం, ఈ రోజు ట్రెస్‌పాసర్ మరణం. లెక్క మారింది. కాపలా లేని గేట్ల ప్రమాదాలు సున్నా అని ప్రకటన ఇచ్చుకోవచ్చు. 2022లో దేశంలో రైల్వే ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్లు 20 వేలకు పైనే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది రైళ్లు ఢీకొని పోయినవాళ్లు కాదు. రైలు నుంచి జారిపడో, పట్టాల మీద రైలు తగిలో పోయినవాళ్లు. పరిహారం దగ్గరా ఇదే తేడా. 2023 సెప్టెంబరు 18 నుంచి రైల్వే తక్షణ సాయాన్ని పెంచింది. కాపలా ఉన్న గేటు దగ్గర రైల్వే తప్పు ఉందని ప్రాథమికంగా తేలితే చనిపోయిన వారి కుటుంబానికి 5 లక్షలు. కాపలా లేని గేటు దగ్గర పోతే లేదు. చొరబడినవాడి కింద రాస్తే అసలే లేదు. కాబట్టి పంచనామాలో ఏ మాట రాశారన్నది చదవకుండా సంతకం పెట్టకండి. పోయిన మనిషి ఎలాగూ రాడు, ఆ మాట మాత్రం ఆ ఇంటిని చివరిదాకా వెంటాడుతుంది.

కాపలా ఉన్న గేటు దగ్గర ప్రమాదం ఉండదా? ఉంటుంది. 2025 జూలై 8న తమిళనాడు కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో కాపలా ఉన్న గేటు దగ్గరే బడి వ్యానును రైలు గుద్దింది. ముగ్గురు విద్యార్థులు పోయారు. వ్యానును దాటనివ్వమని డ్రైవరే బతిమాలాడని, లేదు గేటు తెరిచే ఉందని మొదట రెండు మాటలు. తర్వాత గేటు కాపలాదారును సస్పెండ్ చేశారు, అరెస్టు చేశారు. అండర్‌పాస్‌కు కలెక్టరు ఏడాదిగా అనుమతి ఇవ్వలేదని రైల్వే ప్రకటన ఇచ్చింది. చూడండి, శవాలు లేవకముందే బాధ్యత ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎలా జారిందో. చివరికి నిలబడింది అందరికంటే కింద ఉన్న ఉద్యోగి దగ్గర.

ఆ ఉద్యోగి తప్పు చేస్తే శిక్ష పడాల్సిందే. కానీ ఆయన గది ముందు ఒకసారి నిలబడి చూడండి. ఊరికి దూరంగా ఒక చిన్న గది, ఒక ఫోను, ఒక రిజిస్టరు, ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం, డిటోనేటర్లు. స్టేషన్ మాస్టరు ఫోన్ చేసి రైలు వస్తోందంటాడు. ఈయన గేటు వేసి, వేశానని ఒక నంబరు చెబుతాడు. దాన్ని ప్రైవేటు నంబరు అంటారు. ఇద్దరూ పుస్తకంలో రాసుకుంటారు. సిగ్నలుతో ముడిలేని గేట్లలో ఉన్న భద్రత ఇంతే, ఒక మనిషి మాట. ఆ మనిషి నిద్రలో ఉన్నా, జ్వరంలో ఉన్నా, అబద్ధం చెప్పినా సిగ్నలుకు తెలియదు, పచ్చదీపం వెలుగుతుంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు అలా కాదు. గేటు పడి తాళం పడితే తప్ప సిగ్నలు పచ్చగా మారదు. మనిషి పొరపాటు పడినా రైలు ఆగుతుంది. 2025 నాటికి అలాంటి ముడి ఉన్న గేట్లు దేశంలో పదకొండు వేల పైచిలుకు. మిగిలిన ఆరు వేల దాకా గేట్లు ఇంకా మనిషి మాట మీదే నడుస్తున్నాయి. పది వేల టీవీయూ దాటితేనే ఈ ముడి వేయాలన్నది అప్పటి దాకా ఉన్న లెక్క. సెమ్మంకుప్పం తర్వాత దాన్ని అయిదు వేలకు దించుతున్నామని, గేట్ల దగ్గర సీసీ కెమెరాలు పెడతామని రైల్వే మంత్రి ప్రకటించారు. మరి ఆ అంకెను అంతకు ముందే దించడానికి ఎవరు అడ్డం వచ్చారు? పది వేలు అన్నది వేదంలో ఏమీ లేదు గదా. మనం ఇందాక లెక్కవేసిన ఎనిమిది వందల మంది గేటు అయిదు వేలకు కూడా అందదు, 3,600 దగ్గరే ఆగిపోయింది.

పట్టాల మీద ట్రాక్టరు ఆగిపోయిందనుకోండి. నిబంధన ప్రకారం గేటు కాపలాదారు ఎర్రజెండా పట్టుకుని రైలు వచ్చే వైపు పరుగెత్తి, 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1,200 మీటర్ల దగ్గర మూడు డిటోనేటర్లు పట్టా మీద పెట్టాలి. రెండు లైన్లు ఉంటే రెండు వైపులా. ఉన్నది ఒక్క మనిషి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 1,200 మీటర్లను 43 సెకన్లలో దాటేస్తుంది. మన గేట్‌మన్ ఎంత గట్టి మనిషైనా అంత దూరం పరుగెత్తడానికి అయిదారు నిమిషాలు కావాలి. ఒక మనిషి చేయలేని పనిని కాగితం మీద రాసి పెట్టుకోవడం భద్రత కాదు. రేపు విచారణలో ఆ మనిషిని ఇరికించడానికి పనికొస్తుంది, అంతే.

రైలులో ఉన్నవాళ్లూ మనవాళ్లే అన్నది మరవకూడదు. 2015 ఆగస్టు 24 తెల్లవారుజామున అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర గ్రానైట్ రాయి మోస్తున్న లారీ వేసి ఉన్న గేటును విరగ్గొట్టుకుని నాందేడ్–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌ను గుద్దింది. కర్ణాటక ఎమ్మెల్యే ఒకరితో సహా అయిదారుగురు పోయారు. అక్కడ గేటూ ఉంది, మనిషీ ఉన్నాడు. మరి మోయరాని బరువు వేసి లారీని వదిలినవాడి సంగతి? రోడ్డు వాలులో గేటు ఉంటే ముందే వేగం తగ్గించే ఏర్పాటు చేయాల్సిన రోడ్ల శాఖ సంగతి? రైల్వేను ఒక్కదాన్నే తిట్టి ఊరుకుంటే రాష్ట్ర ప్రభుత్వానికి ఎంత సుఖమో!

మన ఎలమంచిలి దగ్గరికి వద్దాం. ఈ స్టేషన్ విశాఖపట్నానికి అరవై కిలోమీటర్ల లోపు. దువ్వాడ దాకా వాల్తేరు డివిజన్. ఇవతల మన లైనంతా దశాబ్దాలుగా విజయవాడ డివిజన్ కింద నడిచింది, పైన సికింద్రాబాద్. అంటే ఇక్కడి గేటు మీద అర్జీ పట్టుకుని బయల్దేరితే దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కలెక్టరు అనకాపల్లికి దగ్గరయ్యారు, రైల్వే అధికారి దగ్గర కాలేదు. విశాఖ కేంద్రంగా జోన్ అని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న చేశారు. ఆరేళ్లు ఒక్క పునాది రాయికే! జోన్ కోసం మేము ఎందుకు కొట్లాడామని అడిగేవాళ్లకు ఉద్యోగాల మాట ఒక్కటే చెప్పకండి. గేటు దగ్గర మనిషి పోతే తలుపు తట్టడానికి ఒక అధికారి దగ్గర్లో ఉండాలన్నది కూడా అందులో ఉంది.

ఇంకోటి, వంతెనల సంగతి. పట్టాల మీద భాగం రైల్వే కడుతుంది. రెండు పక్కల దారి రాష్ట్రం కట్టాలి. ఎన్నో చోట్ల మధ్య ముక్క గాలిలో నిలబడి ఉంటుంది, రెండు చివరలు లేకుండా. మా వంతు అయిపోయిందని రైల్వే, భూసేకరణకు డబ్బు రాలేదని రాష్ట్రం. ఆ ముక్క కింద గేటు మామూలుగానే పడుతూ లేస్తూ ఉంటుంది.

ఇక మనల్ని మనం కూడా అడగాలి. గేటు పడ్డాక మోటారు సైకిలు పక్కకు వంచి గేటు కిందనుంచి దూర్చేవాళ్లు ఈ సభలో లేరా? ఒక రైలు పోగానే గేటు తీయమని గేట్‌మన్ మీద కేకలు వేసేవాళ్లు లేరా? రెండో లైను మీద ఇంకో రైలు వస్తోందేమో అని చూడరు. వంద వేగంలో రైలు సెకనుకు 28 మీటర్లు పోతుంది. డ్రైవరు బ్రేకు వేసినా కిలోమీటరు దాకా ఆగదు. దూరంగా కనిపించిన రైలు నిదానంగా వస్తున్నట్టు అనిపిస్తుంది, కళ్లు మోసం చేస్తాయి. ఇంజన్ ముందు కూర్చున్న లోకోపైలట్‌కు మనం కనబడతాం, కానీ ఆయన ఏమీ చేయలేడు. ఆ దృశ్యం మళ్లీ మళ్లీ చూసి ఉద్యోగం చేసేవాళ్ల బాధ ఎవరూ రాయరు. గేటు వేశాక తీయమని గేట్‌మన్‌ను బెదిరించే పెద్దమనుషులూ, పార్టీ జెండా కట్టిన కార్లూ మనకు తెలియనివి కావు. మా జెండా కట్టిన కారైనా సరే, ఆపండి.

బడుల యాజమాన్యాలకు కూడా ఒక మాట. ఫీజులో బస్సు డబ్బు వసూలు చేస్తున్నారు గదా, బస్సులో దిగి చూసే మనిషిని ఎందుకు పెట్టరు? చిన్న పిల్లల బస్సులో డ్రైవరు ఒక్కడే ఉంటే తల్లిదండ్రులు ఆ బస్సు ఎక్కించకండి.

మరి మనం చేయాల్సింది ఏమిటి? ధర్నా చేయొచ్చు, తప్పు లేదు. దానికన్నా ముందు ఒక కాగితం పని ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ప్రతి గేటు మీద అర్జీ పెట్టాలి. ఈ గేటు టీవీయూ ఎంత, ఎప్పుడు లెక్కపెట్టారు, నడిచేవాళ్లను లెక్కపెట్టారా? సిగ్నలుతో ముడి ఉందా, లేకపోతే ఎప్పుడు వేస్తారు? కాపలాదారు డ్యూటీ ఎనిమిది గంటలా, పన్నెండు గంటలా? వంతెనో, సబ్‌వేనో మంజూరై ఉంటే ఫైలు ఏ తేదీ నుంచి ఏ అధికారి బల్ల మీద ఉంది? ఆ అధికారి హోదా ఏమిటి, పేరేమిటి? సబ్‌వే ఉంటే నీళ్లు తోడే బాధ్యత రాతపూర్వకంగా ఎవరికి ఇచ్చారు? ఈ ప్రశ్నలు రైల్వేకు ఒక కాపీ, కలెక్టరుకు ఒక కాపీ పోవాలి, ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి వీల్లేకుండా. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే చట్టం 48 గంటలే ఇచ్చింది. నీళ్లు నిండిన సబ్‌వే, పనిచేయని గేటు ప్రాణానికి సంబంధించినవి కావని ఎవరంటారో చూద్దాం. వచ్చిన జవాబులను అధికారుల పేర్లతో సహా మా పత్రికలో వేస్తాం. రేపు ఏదైనా జరిగితే పోలీసు రాసే మొదటి కాగితంలో ఆ పేర్లు కూడా ఉండాలని పట్టుబడతాం.

అర్జీ నమూనా కాపీలు వెనక బల్ల మీద ఉన్నాయి. పోస్టల్ ఆర్డర్లు మా మిత్రుల దగ్గర ఉన్నాయి. ప్రతి గేటుకు ఒక నంబరు ఉంటుంది, గేటు గది మీద రాసి ఉంటుంది. మీ ఊరి గేటు నంబరు తెలిసినవాళ్లు ముందు రండి. తెలియనివాళ్లు ఇంటికి పోతూ చూసుకుని రేపు పొద్దున్న ఫోన్ చేయండి.